ఇరవై ఒకటో జంట

తెలంగాణ ఉద్యమం నడిచినన్నాళ్లూ కోరుట్లలో మా టైలరింగ్ దుకాణానికి సెలవన్నదే లేదు. బంద్ రోజున ఊరంతా మూసేసినా మేము షట్టరు సగం దించి లోపల కుడుతూనే ఉండేవాళ్లం. బంద్‌కు జెండాలు కావద్దా మరి? ఏ పార్టీ జెండాలని అడక్కండి, అన్నీ మేమే కుట్టేవాళ్లం. ఒక పార్టీ కండువాల అంచులు కుడుతుంటే ఇంకో పార్టీ నాయకుడు వచ్చి బెంచీ మీద కూర్చుని, మావి ఎప్పుడిస్తావు ఆపా అని తొందరపెట్టేవాడు. బయట మైకులో ఒకరినొకరు తిట్టుకునే జెండాలు మా అల్మారాలో ఒకదాని మీద ఒకటి బుద్ధిగా పడుకునేవి.

మేము అంటే నేనూ, ఆమె. నేను రాయికల్ దర్జీ బిడ్డను. మా ఇంట్లో ఉర్దూ, వాకిలి దాటితే తెలుగు; ఊరందరికీ నేను ఆపాను, అంటే అక్కను. ఆమెది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు. అక్కడివాళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. జగిత్యాలలో ఆరు నెలల కుట్టు శిక్షణకు ఇద్దరం వచ్చాం. మిషన్లు తక్కువై ఇద్దరికీ కలిపి ఒక్కటే ఇచ్చారు. ఆమె కుడితే నేను గుడ్డ లాగేదాన్ని, నేను కుడితే ఆమె లాగేది. శిక్షణ అయిపోయి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మేము మాత్రం ఒకరిని వదిలి ఒకరం పోలేక కోరుట్లలో దుకాణం పెట్టుకున్నాం. దాన్ని ప్రేమ అంటారని తెలియడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ మాట పైకి అనడానికి ఆమెకు ఏడాది పట్టింది.

కోరుట్లలో మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. అక్కడ సగం ఇళ్లలో మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇద్దరు ఆడవాళ్లే ఉండే ఇల్లు అక్కడ ఒక లెక్కా? పెళ్లి సంగతి ఎవరైనా తీస్తే నేను కత్తెర చప్పుడు కొంచెం గట్టిగా చేసేదాన్ని, వాళ్లు మాట మార్చేవాళ్లు.

సిరిసిల్లలో ఆమెకు ఒక్కగానొక్క అన్న. ఎనిమిది సాంచల ఆసామి. మేము జెండాలకు కొనే తెల్లగుడ్డ ఆయన సాంచల మీద నేసిందే. ఒక సేటు దగ్గర తీసుకునేవాళ్లం కాబట్టి ఆయనకు తెలియదు. ఆయన నేసిన తాన్లు వారం వారం మా ఇంటికి వచ్చేవి. ఆయన మాత్రం చెల్లెలు నాతో ఉండటానికి వచ్చేసిన రోజు నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

ఊరంతా సమ్మె నడుస్తున్న ఆ సంవత్సరమే ఆమెకు కడుపునొప్పి మొదలైంది. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ముందుకు వంగి కూర్చుండిపోయేది. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలంది. కౌంటరు దగ్గర గుమస్తా ఒక ఫారం తీశాడు. అందులో సంబంధం అని ఒక గడి. భర్త గానీ, తండ్రి గానీ, అన్నదమ్ములు గానీ సంతకం పెట్టాలట. నేను పెడతానన్నాను. ఈమె నీకేమవుతుందని అడిగాడు. ఏం చెప్పను? దోస్తు అన్నాను. దోస్తు సంతకం నడవదని ఫారం వెనక్కి లాక్కున్నాడు.

సిరిసిల్ల పోయాం. ఆమె అన్న సాంచల మోత మధ్యలోంచి లేచి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. చెల్లెలి పాలిపోయిన ముఖం చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఇంటికి రా. సంబంధం చూసిపెట్టిన. ఊఁ అంటె గిప్పుడే అచ్చి సంతకం పెడ్త."

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. బస్సులో కోరుట్ల దాకా రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చుంది. నాకైతే ఆయన ఎనిమిది సాంచలనూ ఇరగ్గొట్టి రావాలన్నంత మంట. సంతకానికి చెల్లెలినే వెలగా అడిగేవాడు ఒక అన్ననా?

ఇక నేను పార్టీల మీద పడ్డాను. దుకాణానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ అడిగాను. ఇద్దరు ఆడవాళ్లు ఒక ఇల్లుగా బతుకుతుంటే ఒకరికొకరు సంతకం పెట్టుకునే కాగితం మీ పార్టీ ఇప్పిస్తుందా అని. మొదటాయన టీ తాగుతూ సావధానంగా విన్నాడు. తెలంగాణ రానియ్యి ఆపా, అన్నీ అయితయి అన్నాడు. రెండో పార్టీ ఆయన కూడా అదే అన్నాడు. మూడో ఆయన నేను ప్రశ్న పూర్తి చేయకముందే అన్నాడు. ఆ రోజుల్లో ఏది అడిగినా అదే జవాబు. మా గల్లీ మోరీ మీద బండ పగిలితే తెలంగాణ వచ్చినంక. వీధి లైటు తెలంగాణ వచ్చినంక. ఒక నాయకుడు మాకు కుట్టుకూలి బాకీ ఉంటే అది కూడా తెలంగాణ వచ్చినంకే ఇస్తానన్నాడు.

వాళ్లను అని ఏం లాభం, ఆమె కూడా అంతే. మన సంగతి మా అమ్మీకి చెబుదామే అని నేనెప్పుడు అన్నా, తెలంగాణ వచ్చినంక చెబుదాం అనేది. ఇంత పెద్ద పనులన్నీ మోయబోయే ఆ తెలంగాణ మీద నాకు అప్పటికే జాలి వేసేది.

బస్టాండు దగ్గర శామియానాలో రిలే నిరాహార దీక్షలు సాగుతుండేవి. ఊళ్లో ఉన్న నాలుగు పార్టీలూ కలిసి ఒక అఖిలపక్ష కమిటీ పెట్టుకున్నాయి. దానికి పెద్ద రిటైరైన ఒక లెక్కల సారు. రోజుకొక సంఘం కూర్చోవాలి. వకీళ్లు కూర్చున్నారు, మంగలివాళ్లు కూర్చున్నారు, బ్యాండు వాయించేవాళ్లు కూర్చున్నారు, ఫొటోగ్రాఫర్లు కూర్చుంటే ఫొటో తీసేవాడు లేకపోయాడు. సంఘాలన్నీ అయిపోయాక ఎవరికో దంపతుల దీక్ష పెట్టాలని తట్టింది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని పగలంతా పస్తుండాలి. సాయంత్రం భర్త తన చేత్తో భార్యకు నిమ్మరసం తాగించి విరమింపజేయాలి. ఇరవై ఒక్క జంటల దీక్ష అని గుడ్డ బ్యానరు కుట్టమని మాకే ఇచ్చారు. ఎర్రగుడ్డ అక్షరాలు కత్తిరించి నేనే అంటించి కుట్టాను. పేపరుకు కూడా అదే లెక్క ముందురోజే పంపించేశారు.

పెద్దమనుషులకు తట్టనిదేమిటంటే, కోరుట్లలో దంపతులు దొరకడం కష్టం. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నప్పుడు ఆడవాళ్లు తమ పేరూ, భర్త పేరూ నిజాయితీగానే చెప్పారు. భర్త ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. పొద్దున తొమ్మిదింటికి ఇరవై ఒక్కమంది భార్యలు ముస్తాబై వచ్చి కూర్చున్నారు. భర్తలు పదకొండు మంది. మిగతా పదిమంది ఎడారి దేశాల్లో డ్యూటీలో ఉన్నారు.

కమిటీ పరుగులు పెట్టింది. భర్తలు లేని ఆడవాళ్లను బతిమాలి వెనక జంపఖానా మీదికి పంపారు. ఒక ఆటో అతన్నీ భార్యనూ ఆటోలోంచే దించారు. మల్లాపూర్ నుంచి పంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చిన ముసలి దంపతులను బస్సు దిగుతుండగానే పట్టుకున్నారు. ఎలాగూ ఏమీ తినలేను కదా అని ఆ పెద్దాయన ఒప్పుకున్నాడు. అట్లా అట్లా పంతొమ్మిది జంటలు అయ్యాయి.

బీడీలు చేసే ఒకామె మాత్రం కుర్చీ వదలనంది. ఇంటికి పోయి మస్కట్‌లో ఉన్న భర్త ఫొటో తెచ్చి పక్క కుర్చీలో నిలబెట్టింది. నాలుగు పార్టీల వాళ్లూ ఒక మూలకు పోయి మాట్లాడుకుని, మనిషి లేకున్నా మొగుడైతే ఉన్నాడు కదా, చెల్లుతుందని తేల్చారు. ఆ తర్వాత ఒక నాయకుడు వరుసగా దండలు వేసుకుంటూ వచ్చి, అదే ఊపులో ఫొటోకు కూడా దండ వేసేశాడు. ఫొటోకు దండ వేస్తే ఏమని అర్థమో తెలియనిది ఆయనొక్కడికే. ఆమె లేచి, నా మొగడు రాత్రే ఫోన్ చేసిండు, నువ్వెవడివిరా సంపెటందుకు అని దండ తెంపి ఆయన మీదికే విసిరింది. ఆయన దండం పెట్టి, ఇంకో దండ తెచ్చి కుర్చీ చేతికి కట్టాడు.

ఇరవై అయ్యాయి. ఒక్క జంట తక్కువ. పేపరు ఫొటోగ్రాఫర్ స్కూటర్ ఎక్కి కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు మేమిద్దరం బ్యానరు అంచు ఊడితే కుట్టడానికి స్టూలు మీద నిలబడి ఉన్నాం. నేను కుడుతున్నాను, ఆమె గుడ్డ లాగి పట్టుకుంది. లెక్కల సారు మమ్మల్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఆపా, మీరిద్దరు ఒక్కరోజు జంట లెక్క అడ్జస్ట్ కాండ్రి" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగేళ్లుగా మేము చేస్తున్నదే అది. కానీ ఆమె ఒంట్లో బాగాలేదు, పొద్దంతా పస్తు ఎలా ఉంటుంది? కుదరదని చెప్పబోయాను. ఆమె నా మోచేయి గిల్లింది.

"కూసుందాం" అంది నా చెవిలో. "ఒక్కరోజన్న అందరి ముందట కూసుందాం."

నా జన్మలో ఆమె అంత తెగువ చేయడం అప్పుడే చూశాను. స్టూలు దిగాను.

ఇక మాలో భర్త కుర్చీ ఎవరిదన్న పంచాయితీ మొదలైంది. పొడుగున్నామె కూర్చోవాలని ఒక పార్టీ. వయసులో పెద్దామె కూర్చోవాలని ఇంకో పార్టీ. దుకాణం లైసెన్సు ఎవరి పేరున ఉంటే ఆమేనని మూడో పార్టీ. మాకు ఆ చిక్కు ఇంట్లో ఎన్నడూ రాలేదు. చివరకు సారు రిజిస్టరు తెరిచాడు. ఆయన స్కేలు పెట్టి పెన్సిలుతో గీసుకున్న రిజిస్టరు అది. భర్త అని ఒక గడి, భార్య అని ఒక గడి. ఇరవై ఒకటో వరుసలో రెండు గడుల మధ్య గీతను రబ్బరుతో తుడిచేసి మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాశాడు. రాసినవి చదివిన ఒక నాయకుడి ముఖం వెలిగిపోయింది. ఒకటి ముస్లిం పేరు, ఒకటి హిందూ పేరు. ఒక్క జంటతో మతసామరస్యం కూడా వచ్చేసిందని వెంటనే మైకు అందుకుని హిందూ ముస్లిం భాయి భాయి అని మొదలుపెట్టాడు. ఇంకో పార్టీ ఆయనకు అది రుచించలేదు గానీ లెక్క కోసం మింగేశాడు. మేమిద్దరం భాయిలం ఎలా అయ్యామో ఎవరూ ఆలోచించలేదు.

సాయంత్రం సారు గ్లాసు నా చేతికిచ్చాడు. నేను ఆమె నోటికి అందించాను. ఆమె సగం తాగి, అదే గ్లాసు నా నోటికి పెట్టింది. బస్టాండంతా చప్పట్లు కొట్టింది. ఎవరెందుకు కొట్టారో వాళ్లకే తెలియాలి. నాకు మాత్రం పెళ్లంటూ జరిగితే అదే జరిగింది. ఏడ్చాను, నిమ్మరసం పులుపని చెప్పుకున్నాను.

మర్నాడు తహసీల్దారుకు వినతిపత్రం ఇచ్చారు. కింద జంటల జాబితా, దాని కింద నాలుగు పార్టీల నాయకుల సంతకాలు, ముట్టినట్టు ఆఫీసు ముద్ర. గుర్తుగా దాచుకొమ్మని సారు అందరికీ జిరాక్సులు పంచాడు. ఆ ముద్ర చూడగానే నాకు జగిత్యాల కౌంటరు గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా పోయాం. గుమస్తా కాగితం తిప్పి తిప్పి చూశాడు. ఆ రోజుల్లో అఖిలపక్షం చీటీ ఉంటే ఆగిన బస్సు కదిలేది, కదిలే బస్సు ఆగేది. నాలుగు సంతకాలు చూశాక ఆయన గొంతు మారింది. అన్ని పార్టీలు ఒప్పుకున్నాక నాదేముందమ్మా అన్నాడు. సంబంధం అన్న గడిలో జంట నం. 21, అఖిలపక్షం అని రాసి, నాతో సంతకం పెట్టించుకున్నాడు. ఆపరేషన్ బాగా జరిగింది. మళ్లీ గడ్డ కడితే మాత్రం గర్భసంచి తీయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పి పంపింది.

రెండేళ్లకు మళ్లీ కట్టింది. డిసెంబరులో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. సరిగ్గా ఆ వారంలోనే ఢిల్లీలో పెద్ద కోర్టు తీర్పు వచ్చింది. మాలాంటి వాళ్ల కలయిక నేరమనే పాత చట్టం ఉండాల్సిందేనట. దుకాణం ఎదురు హోటల్ టీవీలో చూశాం. మేము చేసిన నేరమేమిటో నాకు అర్థం కాలేదు. రెండు రోజులు మిషన్ మీద కూర్చోబుద్ధి కాలేదు. ఢిల్లీలో కొందరు నాయకులు తప్పన్నారు, కొందరు ఒప్పన్నారు. మీ పార్టీ ఏమంటుందని మా బెంచీ మీది నాయకుణ్ణి అడిగాను. ఆయన నా ముందే జిల్లా అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. ఆ అధ్యక్షుడు హైదరాబాద్‌ను అడిగి చెబుతానన్నాడు. హైదరాబాద్ తెలంగాణ బిల్లు పనిలో ఉందట. మా జవాబు ఇప్పటికీ ఆ ఫోన్‌లోనే ఉంది.

కానీ మూడో రోజు నుంచి నాయకులు మా దుకాణానికి విడివిడిగా రాసాగారు. మొదటాయన అయిదు వందల జెండాలు కావాలని కూర్చుని, పోతూ పోతూ, ఆపా, గా దంపతుల దీక్ష జిరాక్సు నీ దగ్గరున్నదా అని అడిగాడు. రెండో ఆయన కండువాలకు వచ్చి అదే అడిగాడు. ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఆ కాగితం ఎదుటి పార్టీ చేతిలో పడితే, ఇలాంటి వాళ్లకు సంతకం పెట్టాడని ఊరంతా పంచుతారని ప్రతి ఒక్కరికీ భయం. ఎదుటి పార్టీ సంతకం కూడా దాని పక్కనే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు మధ్యాహ్నం నలుగురూ లెక్కల సారును వెంటబెట్టుకుని ఒకేసారి దిగారు. రాష్ట్రం ఎలా తేవాలన్న దాని మీద ఆ నలుగురూ ఏనాడూ ఒక్కమాట మీద లేరు. ఇప్పుడు మాత్రం ఏకగ్రీవ తీర్మానం రాసుకొచ్చారు. ఇరవై ఒకటో జంటను పొరపాటున రాశామని, దాన్ని రద్దు చేస్తున్నామని. మేము సంతకం పెట్టి జిరాక్సు ఇచ్చేయాలి. మరి ఎల్లుండి జగిత్యాలలో సంతకం ఎవరు పెడతారని అడిగాను. ఆమె అన్నతో మేము మాట్లాడతాం, ఆయన పెడతాడు అన్నాడు ఒకాయన. ఆ అన్న అడిగే వెల ఏమిటో మాకు తెలుసు. నేను బూతులకు నోరు తెరిచాను.

అప్పుడు ఆమె మిషన్ ఆపింది. ఇన్నేళ్లు వాళ్లకు కండువాలు కుట్టినా వాళ్లతో పది మాటలు మాట్లాడి ఉండదు.

"మీకు ఒక జంట తక్కువ పడ్డది, కూసోమన్నరు. కూసున్నం" అంది. "గిప్పుడు లెవ్వుమంటె లెవ్వం."

చట్టం ఒప్పుకోదమ్మా అని ఒకాయన మెల్లగా గొణిగాడు. ఆమె మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆమె చేతుల్లో ఉన్నది ఆయన పార్టీ జెండానే. కాసేపు ఆ చప్పుడు విని వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సారు చివర లేచాడు. తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెరిపిన గీత నేనైతే మల్లా గియ్య బిడ్డా అని ఆమెతో అని పోయాడు.

జగిత్యాల కౌంటరులో ఈసారి కొత్త గుమస్తా. జిరాక్సు తీసి నా గుండెలకు అదుముకుని నిలబడ్డాను. చట్టం మారిందని అంటాడో, పోలీసులను పిలుస్తాడో అని ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. పాత ఫైలు తెప్పించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు కొత్త ఫారంలోకి ఎక్కించుకున్నాడు. పేరు, వయసు, ఊరు, సంబంధం. ఇక్కడ సంతకం పెట్టమని వేలితో చూపించాడు. పెట్టాను.

స్ట్రెచర్ మీద ఆమె తల కొంచెం పైకెత్తింది.

"ఏమని రాసిండే?" అంది.

"పాతదే ఎక్కిచ్చుకున్నడు."

"నంబర్ సుత రాసిండా?"

రాశాడని చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలింది. అయితే పోదాం పట్టు అని నర్సుతో అంది.